బొండాం మీద పురికొస

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటాదండి. దుబాయ్ మీంచి వెళ్తుంటే సీటు ముందు టీవీలో విమానం అమెరికా వైపు కాకుండా పైన మంచు వైపు పోతుంది, చుట్టు తిప్పుతున్నారా ఏంటండీ? వచ్చేటప్పుడు మాత్రం తొందరగా వచ్చేశాం. - ఓ తండ్రి, అమలాపురం

జవాబు: చుట్టు కాదండీ బాబూ, అదే దగ్గరి దారి! ఓ కొబ్బరిబొండాం తీస్కోండి, నడిమికి కాస్త పైన ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టి పురికొస బిగించి లాగండి, అది పక్కనుంచి పోదు, జారి ముచ్చిక మీదకెక్కుద్ది. ఆ ముచ్చికే ఉత్తర ధ్రువం అనుకోండి. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు, దుబాయ్ మీంచైతే 2,550 ప్లస్ 12,900, అంటే ఇంకో వెయ్యి పైనే. దుబాయ్ నుంచి డల్లాస్ ఒక్కటే సుమారు 16 గంటలు. తిరుగు ప్రయాణంలో పడమర నుంచి తూర్పుకి వీచే పైగాలి, జెట్ స్ట్రీమ్ అంటారు, వెనకనుంచి తోస్తది కాబట్టి గంటకి పైనే కలిసొస్తది, ఏటివాలున పడవేసినట్టు. టికెట్ మీద టైములు చూసి లెక్కేస్తే తప్పుతారు, అవి ఏ ఊరి టైము ఆ ఊరిదే, ఎండాకాలంలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అమలాపురం నుంచి హైదరాబాద్ బస్సు రాత్రంతా వేరే కలుపుకోండి, ఆ కుదుపులకి పూతరేకులు పొడైపోతాయ్, డబ్బాలో సర్దండి.