ఫ్రెంచ్ డిఫెన్స్‌లో డి4 బంటు తింటే క్వీన్ పోతుందా? (సమాధానం)

తమ్ముడూ, ఒంగోలు చెస్ టోర్నీలో నల్లకాయలతో ఫ్రెంచ్ (తెల్లవాళ్ళ ఈ4కి ఈ6తో జవాబిచ్చే ఓపెనింగ్) వేసి, డి4 గడిలోని బంటు ఊరికే దొరికిందని గుర్రంతో తిన్నా, క్వీన్ పోయింది, ఇంక ఓపెనింగే మార్చేద్దామా అన్నావు కదా. మార్చొద్దు. 1834–36లో పారిస్ వాళ్ళు లండన్ మీద ఉత్తరాల్లో ఆడి గెలిచినప్పట్నుంచీ నిలబడిన డిఫెన్స్ ఇది, మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ గారు కూడా ఆడతారు.

ఎత్తులు చూడు, ప్రతి జంటలో ముందుది తెల్లవాళ్ళది, తర్వాతది నీది: ఈ4 ఈ6, డి4 డి5, ఈ5 సి5, సి3 గుర్రం సి6, గుర్రం ఎఫ్3 క్వీన్ బి6, బిషప్ డి3, ఇక్కడిదాకా నీది కరెక్టే. డి4లో బంట్లు కొట్టుకున్నాక వెంటనే గుర్రంతో తిన్నావనుకో, వాళ్ళ గుర్రం నీ గుర్రాన్ని తింటది, దాన్ని నీ క్వీన్ తింటది, అప్పుడు వాళ్ళ బిషప్ బి5కి దూకి చెక్ ఇస్తది, వెనకాల డి1లో వాళ్ళ క్వీన్‌కి దారి తెరుచుకుని నీ క్వీన్ పోతది. నీకు జరిగింది ఇదే.

అందుకని ముందు బిషప్ డి7 వెయ్యి. ఇంక బి5లో చెక్ ఉండదు, డి4 బంటు మీద నీ దెబ్బ నిజమైన దెబ్బ అవుతది. చాలామంది క్యాస్లింగ్ చేసి (రాజును ఏనుగు వైపు భద్రంగా జరిపి) ఆ బంటు వదిలేస్తారు, అది మిల్నర్ బ్యారీ గ్యాంబిట్ (కావాలని బంటు బలి ఇచ్చే ఆట), అప్పుడు తిను, భయం లేదు. కాకపోతే వాళ్ళు గుర్రం సి3 వేశాక ఈ5 బంటు కూడా కావాలని ఆశపడొద్దబ్బా, ఏ6 వేసి వాళ్ళ గుర్రం బి5కి రాకుండా ఆపు, తర్వాత నీ రెండో గుర్రాన్ని ఈ7 మీదుగా సి6కి తెచ్చుకో. ఒక బంటు ఎక్కువతో హాయిగా ఆడొచ్చు.