కొత్త అధ్యక్షుడికి, పర్యావరణ కార్యక్రమాల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

జూలై 1న క్లబ్బు అధ్యక్షుడిగా బాధ్యతలు తీసుకోబోతున్నావనీ, నీ ఏడాదిని పూర్తిగా పర్యావరణానికే కేటాయించాలని అనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. అయితే ‘నీ ఏడాది’ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. మన సేవా క్లబ్బుల్లో పదవి పన్నెండు నెలలకే ముగుస్తుంది, నాటిన మొక్క నిలదొక్కుకోవడానికి మాత్రం రెండు మూడేళ్లు పడుతుంది. మనం తలపెట్టే పర్యావరణ కార్యక్రమాల్లో చాలా వాటి చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

నా హయాంలో ఒకే ఉదయం ఐదు వందల మొక్కలు నాటించాను. ఏడాది తిరిగాక వెళ్లి చూస్తే ఎండిన పుల్లలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడి వచ్చింది. నర్సరీ వాళ్ల నల్ల పాలిథిన్ సంచి అలాగే ఉంది, లోపలి వేళ్లు బయటికి దారి దొరక్క సంచిలోనే చుట్టలు చుట్టుకుని ఎండిపోయాయి. ఫొటోల హడావిడిలో సంచి కోసి తీయమని చెప్పినవాడు లేడు, తీశారో లేదో చూసినవాడూ లేడు. అధ్యక్షుణ్ని నేనే కనుక ఆ తప్పు నాదే.

అందుచేత మొక్కలు తెప్పించే ముందే, వాటికి వచ్చే రెండు వేసవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో పేరుతో సహా రాసిపెట్టుకో. ఖర్చులో మొక్క ధర అతి చిన్నది. నీళ్లు, కంచె, కలుపు తీయించడం, పాదులు సరిచేయించడం, చనిపోయిన వాటి స్థానంలో కొత్తవి పెట్టించడం, ఇవే అసలు ఖర్చు. మూడేళ్లకు సరిపడా సొమ్మును వేరే పద్దులో ఉంచి, తర్వాత వచ్చేవారు దాన్ని మరో పనికి మళ్లించకుండా బోర్డు చేత తీర్మానం చేయించు. ఆ పని చూసే కమిటీ కూడా మూడేళ్ల పాటు మారకూడదు, నీ తర్వాత అధ్యక్షులు కాబోయే ఇద్దరూ అందులో సభ్యులుగా ఉండాలి. నివేదికలో నాటినవెన్నో రాయకు, బతికి ఉన్నవెన్నో రాయి.

ఇది సాధ్యమేనా అని నీకు సందేహం రావచ్చు. ప్రపంచమంతటా క్లబ్బులున్న సేవా సంస్థ రోటరీ 1985లో పోలియో నిర్మూలనను తలకెత్తుకుంది. ఆ తర్వాత ఎందరు అధ్యక్షులు మారినా ఆ పనిని మాత్రం వదిలిపెట్టలేదు. పర్యావరణ పరిరక్షణను అదే సంస్థ తన ఏడవ సేవారంగంగా చేర్చుకోవాలని 2020లో నిర్ణయించింది, 2021 జూలై నుంచి దానికి గ్రాంటులు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు 2017-18లో, సభ్యుడికొక మొక్క చొప్పున నాటాలని అప్పటి ప్రపంచ అధ్యక్షుడు ఇయాన్ రైస్లీ పిలుపునిచ్చాడు. మంచి పిలుపే. కాకపోతే ఇలాంటి పిలుపులు అందుకున్నప్పుడు మనం లెక్కను పట్టుకుని చెట్టును మరిచిపోతుంటాం.

ఇక మొక్కలు నాటడం ఒక్కటే పర్యావరణ సేవ అనుకోకు. 1905లో షికాగోలో రోటరీ పుట్టినప్పుడు ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరిని చేర్చుకోవాలన్న నియమం ఉండేది. ఆ నియమం తర్వాత సడలినా, రకరకాల వృత్తులవారు ఒకచోట కూర్చోవడమే నేటికీ ఇటువంటి క్లబ్బులకున్న అసలు బలం. ఎలక్ట్రికల్ ఇంజనీరు ఒక పాఠశాలకు వెళ్లి కరెంటు ఎక్కడ వృథా అవుతోందో లెక్క తేల్చి ఇవ్వగలడు. న్యాయవాది స్థలం అనుమతుల సంగతి చూడగలడు. అలాంటివారి చేత పారలు పట్టించి ఫొటో తీయించుకోవడం కన్నా వారికి వచ్చిన పనిని అడిగి చేయించుకోవడం లాభం. చెరువు పూడికతీత లాంటివి మాత్రం తెలిసిన ఇంజనీరు లేకుండా ముట్టుకోవద్దు.

మొదట మన సమావేశాలనే సరిదిద్దు. నీళ్ల సీసాలు, పూలగుత్తులు, ఒక్క పూట కోసం కొట్టించే ఫ్లెక్సీలు ఆపితే, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన పనిలేదు. తడిచెత్తతో ఎరువు చేయించదలిస్తే, కుప్ప వాసన వస్తోందని చుట్టుపక్కలవారు గొడవ పెట్టుకోకముందే ఎండుటాకులు బాగా కలిపించు. పచ్చివి ఎక్కువై, గాలి ఆడకపోతేనే కుళ్లు వాసన వస్తుంది. కుప్పలోంచి కాస్త తీసి పిడికిట్లో పిండితే ఒకటి రెండు నీటి చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. రెండు మూడు వారాలకోసారి తిరగేయించు.

మూడేళ్ల పద్దు విషయాన్ని తొలి బోర్డు సమావేశంలోనే పెట్టు, ఆలస్యమైతే సొమ్ము మిగలదు. మొక్కలు నాటే తేదీ ఖరారు కాగానే నాకు రాయి. తప్పకుండా వస్తాను, సంచులు కోయడానికి బ్లేడు నేనే తెచ్చుకుంటాను.

నీ శ్రేయోభిలాషి,
ఒక పాత అధ్యక్షుడు