మనసు బాగోలేని రోజున సభలో మాట్లాడాల్సి వస్తే

మీరు అడిగింది ఇది: వచ్చే ఆదివారం విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పావుగంట మాట్లాడాలి. ఇంతకుముందు చాలా సభల్లో మాట్లాడారు, మైకంటే భయం లేదు. కానీ కొన్నాళ్లుగా దిగులుగా ఉంది, లేచి నలుగురిలోకి వెళ్లాలనే అనిపించడం లేదు. ధైర్యంగా, ఉత్సాహంగా నిలబడటం ఎలా?

ముందుగా ఒకటి తేల్చుకోండి. మీది సభాకంపం కాదు. కంపంలో గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, మాట పరుగెడుతుంది. దిగులులో అంతా తలకిందులు: మాట నెమ్మదిస్తుంది, గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరున సాగుతుంది, చూపు నేలకు దిగుతుంది. బయట దొరికే సలహాల్లో ఎక్కువ భాగం భయపడేవాళ్ల కోసం చెప్పినవే. కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ పది నిమిషాలు కూర్చోమనడం వాళ్లకు చక్కగా పనిచేస్తుంది. దిగులుగా ఉన్న మనిషి అదే చేస్తే మరింత చల్లబడిపోయి వేదికెక్కుతాడు. 2014లో హార్వర్డ్‌లో పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. అయితే వాళ్ల ఒంట్లో ఆందోళన అప్పటికే రగులుతోంది, దానికి పేరు మార్చారంతే. దిగులులో పేరు మార్చడానికి ఆ వేడే ఉండదు. ముందు దాన్ని పుట్టించుకోవాలి.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్ప వక్తను’ అని పదేపదే అనుకోవడం మీకు పనికిరాదని గట్టిగా చెబుతాను. కెనడాలో మనస్తత్వ పరిశోధకురాలు జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు ఇలాంటి పొగడ్త వాక్యాలు వల్లె వేశాక ఇంకా డీలాపడ్డారు. మనసు ఆ మాటను ఒప్పుకోదు, ‘ఎక్కడి గొప్ప?’ అని వాదనకు దిగుతుంది. దాని బదులు వాదనకు తావులేని మాట అనుకోండి: ‘ఈ విషయం నాకు తెలుసు. మొదటి నాలుగు వాక్యాలు నోటికొచ్చు. వెనక వరుస దాకా వినిపిస్తాను.’

ఇక ఒంటి సంగతి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి హాలుకు నడిచే వెళ్లండి. పది పన్నెండు నిమిషాలు చురుగ్గా, కాస్త ఆయాసం వచ్చేలా నడవాలి. దూరం చాలకపోతే ఒక వీధి చుట్టు తిరగండి. మన ఊరి ఉక్కపోతలో చొక్కా తడుస్తుంది కాబట్టి కనీసం అరగంట ముందే చేరి ఫ్యాను కింద నిలబడండి. తిండి గంటన్నర ముందు, తేలిగ్గా, రెండు ఇడ్లీల పాటి చాలు. పూరీలు, మైసూర్ బజ్జీ తిని వెళితే ఉన్న మందకొడితనానికి కునుకు తోడవుతుంది. కాఫీ రోజూ తాగే అలవాటుంటే రోజూ తాగేంతే తాగండి. ఐసు నీళ్ల బదులు మామూలు నీళ్లు దగ్గర పెట్టుకోండి.

అసలు కష్టం గొంతులో ఉంది. మన తెలుగులో వాక్యం బరువంతా చివర ఉంటుంది. ‘ఈ పనిని మేము వచ్చే ఏడాది’ దాకా విన్న శ్రోతకు ఇంకా ఏమీ తెలియదు. ‘చేస్తాం’ అన్నారా ‘చేయలేం’ అన్నారా అన్నది ఆఖరి మాటలో తేలుతుంది. దిగులుగా ఉన్నప్పుడు ఊపిరి చాలక సరిగ్గా ఆ చివరి మాటే గొణుగుడైపోతుంది. ముందు వరుసవాళ్లు పెదాలు చూసి సర్దుకుంటారు, పదో వరుసవాళ్లకు వాక్యాలన్నీ సగంలో తెగిపోతాయి. వాళ్లు పక్కవాళ్లతో మాట్లాడటం మొదలుపెడతారు, అది చూసి మీరు ఇంకా కుంగుతారు. నేను చూసినంతలో, దిగులుతో ప్రసంగం దెబ్బతినడానికి మొదటి కారణం ఇదే.

దీనికి సాధన చాలా తేలిక. ఇవాళ్టి నుంచి రోజూ పావుగంట దినపత్రిక సంపాదకీయాన్ని పైకి చదవండి. ప్రతి వాక్యంలో క్రియ దగ్గర గొంతు తగ్గకుండా, ఒక పిసరు ఎక్కువగానే పలకండి. వాక్యం పొడవైతే క్రియకు రెండు మాటల ముందు చిన్న ఊపిరి తీసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్‌ను గదికి అవతలి మూల పెట్టి వినండి, అక్కడి నుంచి క్రియలు వినిపించాలి. మీ ప్రసంగాన్ని కూడా అలాగే సరిచేయండి: పన్నెండు మాటలు దాటిన వాక్యాన్ని రెండుగా విరవండి, క్రియల కింద గీత గీయండి. సభ రోజున హాలుకు చేరాక, పక్క వసారాలో నోటికొచ్చిన పద్యం ఒకటి మూడుసార్లు ఎలుగెత్తి చదవండి. పద్యం గొంతును పైకీ కిందికీ తిప్పుతుంది, పాదం చివరిదాకా ఊపిరి నిలపడం నేర్పుతుంది. మెత్తగా ఆవలించినట్టు చేసి దవడ వదులు చేసుకుంటే ఇంకా మంచిది.

మైకు మీ గొంతును పెంచుతుంది గానీ లేని ఊపిరిని తేలేదు. మీరు గొణిగితే ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, పెంచితే స్పీకర్ల శబ్దం మళ్లీ మైకులోకి దూరి కీచుమంటుంది. చేతి మైకును గడ్డానికి కాస్త కింద, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. పైనున్న జాలీని పిడికిట్లో మూసేయకండి, దానివల్ల కూడా కీచు వస్తుంది. పోడియం మైకును మీ ఎత్తుకు సరిచేసుకున్నాకే మొదలుపెట్టండి. అందుకు పట్టే ఐదు క్షణాలు ఎవరికీ బరువు కాదు. ఎప్పుడైనా బీచ్ రోడ్డులో ఆరుబయట మాట్లాడాల్సి వస్తే మైకుకు స్పాంజి తొడుగు అడగండి, సముద్రపు గాలి మాటను మింగేస్తుంది.

మన సభల్లో ఇంకో చిక్కుంది. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి మీ వంతు గంట ఆలస్యంగా వస్తుంది. నడిచి తెచ్చుకున్న చురుకంతా ఆ గంటలో కుర్చీలోనే ఆరిపోతుంది. అందుకే నిర్వాహకులతో ముందే మాట్లాడి, మీ వంతు వచ్చేదాకా సభలో కింద కూర్చుంటానని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. వేదిక మీదే కూర్చోక తప్పకపోతే వీపు ఆనించకుండా, పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి, బల్ల కింద మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. మీ ముందు వక్త మాటల్లో మీరు ప్రస్తావించగల ఒక్క అంశాన్ని కాగితం మీద రాసుకోండి. చేతికి ఆ పని ఉంటే మనసు తన గొడవలోకి జారిపోదు.

ఆలస్యమైతే ‘ఐదు నిమిషాల్లో ముగించండి’ అని చీటీ వస్తుంది. దిగులుగా ఉన్నప్పుడు అప్పటికప్పుడు కుదించడం చేతకాదు, ఏది వదలాలో తోచదు. కాబట్టి ఇంట్లోనే మూడు కొలతలు సిద్ధం చేసుకోండి: పన్నెండు నిమిషాలది, ఏడు నిమిషాలది, మూడు నిమిషాలది. పావుగంట ఇచ్చారని పావుగంట సరుకు పట్టుకెళ్లకండి. మూడింటికీ మొదటి నాలుగు వాక్యాలూ ఆఖరి రెండు వాక్యాలూ ఒకటే. అవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మిగతాదంతా కంఠస్థం చేయొద్దు. మనసు బాగోలేనప్పుడు జ్ఞాపకం మధ్యలో జారుతుంది, ఒక్క మాట తప్పితే గొలుసంతా తెగుతుంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఐదు అంశాలు పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఫోన్ చూసి మాట్లాడొద్దు, తెర ఆరిపోయిన ప్రతిసారీ తల దించుకోవాలి.

లేవగానే ‘ఒంట్లో బాగోలేదు, పెద్దగా సిద్ధం కాలేదు’ అనకండి. మీ లోపలి స్థితి బయటికి కనబడుతోందని మీకు అనిపించేంతగా నిజానికి కనబడదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2003లో ఇదే చూశారు: ఈ సంగతి ముందుగా తెలిసిన వక్తలు తెలియనివాళ్ల కంటే మెరుగ్గా మాట్లాడారు. నవ్వు రాకపోతే బలవంతంగా తెచ్చుకోవద్దు. గంభీరంగా ఉన్న మొహం శ్రోతకు విషయం మీద ఉన్న శ్రద్ధగానే కనిపిస్తుంది.

దిగులు కళ్లు ఆవలించేవాణ్ణీ ఫోన్ చూసేవాణ్ణీ వెతికి పట్టుకుంటాయి. శ్రద్ధగా వినేవాళ్ల మొహాలు కూడా మామూలుగా ఏ భావమూ లేకుండానే ఉంటాయి, దాన్ని విసుగని లెక్కేయకండి. మూడు నాలుగు వరుసల్లో ఎడమన ఒకరు, నడుమ ఒకరు, కుడిన ఒకరు, తల ఊపేవాళ్లను ఎంచుకోండి. ఒక్కొక్కరి వైపు ఒక పూర్తి వాక్యం, క్రియ అయ్యేదాకా, చెప్పి చూపు మార్చండి.

ఒక హెచ్చరిక. ఎవరో స్నేహితులు వేసుకుంటారని ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోవద్దు. అది గుండె వేగాన్ని తగ్గించే మందు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం, పైగా మీకున్నది దడ కాదు. దిగులు రెండు వారాలు దాటి రోజంతా వదలకుండా ఉన్నా, నిద్రా ఆకలీ చెడినా అది సభకు సంబంధించిన సంగతి కాదు, వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆదివారం దాకా ఆగకండి, ఇవాళే మాట్లాడండి. సభకు వెళ్లలేనని రెండు రోజుల ముందు చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

సభ ముగిశాక ఒక గంటకు ఒళ్లు ఒక్కసారిగా చల్లబడుతుంది, ఆ రాత్రి మనసు తప్పులు ఏరుతుంది. వీడియో ఆరోజు చూడొద్దు. మర్నాడు మధ్యాహ్నం, ముందు శబ్దం మాత్రమే వినండి. నిలబెట్టుకోవలసినవి రెండు, మార్చుకోవలసింది ఒకటి రాసుకుని ఆపేయండి. వెనక వరుసలో తెలిసినవారిని ఒకరిని కూర్చోబెట్టుకుంటే మంచిది. వారిని ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుందండీ’ అంటారు. ‘వాక్యాల చివరలు అక్కడిదాకా వినిపించాయా? ఎక్కడ వినిపించలేదు?’ అని అడగండి.