బీరువా తీసే ముందు కార్డు చూడు

నల్లగొండ

బిడ్డా,

ఈ ఏడాది మూడు లగ్గాలకు రావాలి, ఏం కట్టుకోవాలో టెన్షన్‌గా ఉంది అత్తమ్మా అన్నావు. వైశాఖంలో మిర్యాలగూడ, శ్రావణంలో వనపర్తి, మార్గశిరంలో దేవరకొండ. ఫోన్‌లో సగం చెప్పేసరికి మీ మామయ్య అన్నానికి పిలిచాడు. మిగతాది రాస్తున్నాను.

బీరువా తీసే ముందు పెండ్లి కార్డు తీసి చూడు. రంగు సంగతి తర్వాత. ముహూర్తం ఎన్నింటికి? ఫంక్షన్ హాలా, ఇంటి ముందు పందిరా? నువ్వు ఆ ఇంటికి కూర్చునే చుట్టానివా, పనిచేసే చుట్టానివా? ఈ మూడూ తెలిస్తే సగం చీరలు వాటంతటవే పక్కకు పోతాయి.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. 1996 మే నెలలో సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో పెండ్లి. పన్నెండున్నరకు ముహూర్తం, ఇంటి ముందు షామియానా. నాకున్నది ఒకే ఒక కంచి పట్టు, జానెడు జరీ అంచు. పెండ్లికి కట్టకపోతే ఇంకెప్పుడు కడతానని కట్టాను. తలంబ్రాల వేళకు కళ్లు తిరిగి పడిపోయాను. మొహాన నీళ్లు కొట్టారు, మజ్జిగ తాగించారు, నలుగురు చుట్టూ చేరి విసిరారు. ఆ పూట పెండ్లికూతురిని చూసినవాళ్ల కంటే నన్ను చూసినవాళ్లే ఎక్కువ. ఆ నీళ్ల మరకలు చీర మీద ఇంకా ఉన్నాయి.

మే నెలలో మన దిక్కు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. హాల్లో కూలర్లు పెడతారు కానీ పీటల దగ్గర హోమం పొగ, కెమెరావాళ్ల లైట్లు. అందుకే మిర్యాలగూడకు గద్వాల చీర కట్టు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. దూరం నుంచి చూస్తే పట్టుచీరే, కట్టుకున్న నీకు మాత్రం నూలు చీర. నూలు ఒంటినీ పట్టు అంచునూ మగ్గం మీదే పోగుకు పోగు పెనవేసి కలుపుతారు, దాన్నే కుప్పడం అంటారు. ఆ కలిసిన చోటే దాని ప్రాణం, అక్కడ పిన్నీసు గుచ్చకు. మొదటి రెండు మూడు సార్లు ఇంట్లో ఉతకకుండా డ్రై క్లీనింగ్‌కు ఇవ్వు, అంచు రంగు ఒంటికి దిగే భయం ఉండదు. గద్వాల బరువనిపిస్తే నారాయణపేట నూలు చీర ఉంది, సన్న గళ్లు, నిండైన అంచు. 2016లో గద్వాల, 2019లో నారాయణపేట వేరే జిల్లాలయ్యాయి కానీ నా నోటికి రెండూ ఇంకా పాలమూరే.

పోచంపల్లి కొనాలని ఉందన్నావు కదా, కొను, కానీ చీరను తిరగేసి చూడు. దారాన్ని ముందే కట్లు కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింటు చీరకు వెనక వైపు వెలవెలబోతుంది. ఒక షాపులో నాకు అట్లా ప్రింటునే మగ్గం చీర అని అంటగట్టారు, ఇంటికొచ్చి మడత విప్పేదాకా తెలియలేదు. పట్టుదైతే సిల్క్ మార్క్ లేబుల్ కూడా అడుగు.

ఎండాకాలానికి లేత రంగులు మంచివి. అట్లాగని ఉత్త తెల్లది వద్దు, అంచన్నా ఎర్రగానో పచ్చగానో ఉండాలి. రిసెప్షన్‌కు నల్లచీర కడితే ఇప్పుడెవరూ ఏమీ అనరు. పుస్తె కట్టే వేళ నల్లచీరతో ముందు నిలబడితే మాత్రం ముసలమ్మలు మొహం మీదే అంటారు, వాళ్లతో వాదించే ఓపిక నీకు లేదు.

వనపర్తికి అసలు పట్టు తేకు. శ్రావణంలో వాన ఎప్పుడొస్తుందో తెలియదు, పట్టు మీద చినుకు పడితే మరక పడుతుంది. అక్కడి ఎర్రమట్టి అంచుకు అంటిందంటే ఒక ఉతుకుకు వదలదు. క్రేపో, జార్జెట్టో కట్టు, బెత్తెడు పైకి కట్టు. మండపం బయట విడిచిన చెప్పులు తడుస్తాయి, తోలువి వేసుకురాకు. ఇంటికి పోయాక చీరను నీడన ఆరేయి. తడి మీద మడతపెట్టి బీరువాలో పెడితే ముక్కిన వాసన వస్తుంది, జరీ నల్లబడుతుంది.

దేవరకొండ ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి. పట్టుచీరకు అసలైన రోజు అదే. మీ అమ్మ ఇచ్చిన కంచి పట్టు బయటకు తీయి, మోచేతుల దాకా చేతులున్న జాకెట్ కుట్టించుకో. పమిట కనపడదని శాలువా లేకుండా రాకు. బరాత్ వెంట చలిలో గంటసేపు నడిచాక ఏ పమిటైనా ఒకటే. సెంటు చీర కట్టుకోకముందే ఒంటికి కొట్టుకో, జరీ మీద పడనీయకు.

మిర్యాలగూడలో నువ్వు పెండ్లికూతురి వైపు దగ్గరి చుట్టానివి, మైలపోలు నాడే, అంటే పసుపు పూసే రోజే రావాలి. ఆ రోజు పాత నూలు చీర కట్టు. ఎంత తప్పించుకున్నా ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి పసుపు పూస్తారు. ఆ మరకకు సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, కంగారుపడకు. ఉతికి రెండు రోజులు ఎండలో వేస్తే నూలు మీది పసుపు దానంతటదే వెలిసిపోతుంది. పట్టు చీరను అట్లా ఎండలో వేయకు, చీర రంగే పోతుంది.

ఇంకొకటి. పెండ్లివాళ్లు నీకు పెట్టుబడి చీర పెడతారు, అక్కడికక్కడే కట్టుకుని రమ్మంటారు. రంగు నచ్చకపోయినా కట్టుకో, ఒక్క పూటే కదా. దేని మీదికైనా కలిసే బంగారు రంగు జాకెట్ ఒకటి సంచిలో పడేసుకో.

మీ తమ్ముడు మే నెలలో సూటు వేసుకుంటానన్నాడట. వద్దని చెప్పు. వినకపోతే వేసుకోనీ, మజ్జిగ గ్లాసు పట్టుకుని నేను పక్కనే ఉంటాను.

మీ నాయిన ఆదివారం వస్తున్నాడు, నా ఆకుపచ్చ గద్వాల చీర ఆయన చేతికిచ్చి పంపుతాను. రెండు సార్లే కట్టాను. జాకెట్ లోపల రెండు వైపులా బట్ట వదిలించాను, నీ కొలతకు విప్పించుకో. పెండ్లిళ్ల సీజన్‌లో టైలర్లు దొరకరు, చీర అందిన రోజే ఇవ్వు.

మీ అత్తమ్మ