మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: అక్క అమెరికా నుంచి టీఐ-84 ప్లస్ సీఈ క్యాలిక్యులేటర్ తెచ్చింది. అసెంబ్లీ ప్రోగ్రాములు నడుస్తలేవు. చెడిపోయిందా సార్?
– బీటెక్ విద్యార్థి, కాజీపేట

జవాబు: చెడిపోలేదు తమ్మీ. సెకండ్, ప్లస్ మీటలు నొక్కి 'అబౌట్' తెరువు. లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ 5.6 గానీ ఆపైది గానీ ఉంటే, అసెంబ్లీ, అంటే ప్రాసెసర్ సొంత భాషలో రాసిన ప్రోగ్రాములు నడిపే దారిని తయారీ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్లే మూసేశారన్నమాట. పరీక్షల భద్రత పేరుతో 2020లో తీసేశారు. పరీక్ష హాలు బాధ నాకూ తెలుసు, ఇన్విజిలేషన్ చేసినోణ్ణే. అయినా నేర్చుకునే పిల్లల చేతిలోంచి గుంజుకోవడం నాకు నచ్చలేదు.

ఎందుకంటే ఒకప్పుడు దారి వేసింది ఆ కంపెనీయే. వాళ్ల పాత క్యాలిక్యులేటర్ టీఐ-85లో అసెంబ్లీ నడపడానికి అభిమానులు దొడ్డిదారి వెతుక్కున్నరు. ఆ తర్వాత టీఐ-83 ప్లస్‌కు వచ్చేసరికి అసెంబ్లీ నడిపే ఆదేశం కేటలాగ్‌లోనే, అంటే క్యాలిక్యులేటర్‌లోని ఆదేశాల జాబితాలోనే ఉంది.

హన్మకొండలో మా ఇంట్లో అలాంటి పాతది ఒకటుంది. జెడ్80 ప్రాసెసర్, వాడుకోవడానికి 24 కేబీ ర్యామ్. మొన్న రాత్రి కొత్త ప్రోగ్రాం తెరిచి, కేటలాగ్ నుంచి, ఇది అసెంబ్లీ ప్రోగ్రాం అని చెప్పే 'ఏఎస్ఎమ్‌ప్రోగ్రామ్' తెచ్చి, పక్కన సీ9 అని కొట్టిన. జెడ్80 భాషలో సీ9 అంటే 'వెనక్కి పో'. అంతే ప్రోగ్రాం. నడిపితే 'డన్' అని పడ్డది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినోణ్ణి, చిన్నపిల్లాడిలా మురిసిపోయిన.

నువ్వూ పాత 83 ప్లస్ సంపాదించు. సీ9తోనే మొదలుపెట్టు.