పొడి చేయాలా, ఆరబెట్టాలా?

సందేహం: కారు సంరక్షణ గురించిన ఒక కరపత్రంలో 'వానకు తడిసిన సీట్లను పూర్తిగా పొడి చేయండి' అని చదివాను. ఈ ప్రయోగం సరైనదేనా? 'ఆరబెట్టండి', 'ఎండబెట్టండి' అనే వాటిలో ఇక్కడ ఏది తగును?

సమాధానం: 'పొడి' విశేషణమైనప్పుడు పొడిబట్ట, పొడిగాలి, పొడిదగ్గు అంటాము, అక్కడ తడి లేకపోవడమే అర్థం. దానికి 'చేయు' చేరిందా, చూర్ణం చేయడమే స్ఫురిస్తుంది. సీట్లను పొడి చేయమనడం వాటిని దంచి నలగగొట్టమనడమే. చక్కని క్రియ చేతిలో ఉండగా పరభాషా వాక్యానికి మాటకు మాట పెట్టే ఈ అలవాటును రాసేవారు మానుకోవాలి.

ఆ క్రియ 'ఆరు'. పూర్వులు శకటరేఫతో, అంటే బండి 'ఱ'తో, 'ఆఱు' అని రాసిన ఈ ధాతువు మీద నాకు మక్కువ ఎక్కువ. దీపం ఆరుతుంది, తడి ఆరుతుంది. పాలూ కోపమూ చల్లారుతాయి, ఆ 'చల్లారు'లో ఉన్నదీ ఇదే. తమిళంలో దీని తోబుట్టువు వేడి తగ్గడానికి, పుండు మానడానికి, కోపం శమించడానికి కూడా వాడుకలో ఉంది. వీటన్నిటిలోనూ పైనుంచి వచ్చి చేరినది శమించిపోతుంది, ఆశ్రయమిచ్చిన వస్తువు మాత్రం మిగులుతుంది. 'ఎండు' అలాంటిది కాదు. చెట్టు ఎండినా, చెరువు ఎండినా, ఆ వస్తువు సొంత తేమే పోయి దాని స్థితి మారిపోతుంది. తోలు సీటును మండుటెండలో వదిలితే బిరుసెక్కి పగుళ్లు తీస్తుంది. అప్పుడది నిజంగా ఎండినట్టు. పొడిబట్టతో అద్ది, తలుపులు తెరిచి, ఫ్యాను గాలి తగలనిస్తే ఆరుతుంది.

'ఆరు'కు తోడయ్యే క్రియలలోనూ మన భాష ఎంతో వివేకం చూపింది. గింజలను ఆరబోస్తాము, బట్టలను ఆరవేస్తాము, ఉన్నచోటనే ఉంచవలసినదాన్ని ఆరబెడతాము. కనుక బయటికి తీయగలిగిన, కారులో కాళ్లకింద పరిచే పట్టాలను ఆరవేయవచ్చు కాని, బిగించి ఉన్న సీటును ఆరబెట్టవలసిందే.

తడికీ చెమ్మకూ ఉన్న భేదం కూడా ఇక్కడ గమనించదగినది. పైగుడ్డ తడి ఆరినట్టు చేతికి తోచినా లోపలి స్పాంజిలో చెమ్మ నిలిచి ఉండవచ్చు. అది ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే బూజు పట్టే ప్రమాదముంది. అరచేతితో గట్టిగా నొక్కి చూసి, చెమ్మ తగలకపోతేనే 'ఆరింది' అనాలి.



ఇక 'ఎండబెట్టు' తప్పా అంటే, తప్పని తీర్పు చెప్పలేను. బట్టలను ఎండవేశామనే వాడుక చాలామంది నోట ఉంది. గుడ్డ సీటును ఎండ తగిలేచోట ఉంచినప్పుడు ఆ మాటా చెల్లుతుంది. తోలు సీటు విషయంలో మాత్రం నేను 'ఆరబెట్టండి' అనే రాస్తాను.