కోనసీమ తేమలో కారు ఫెండర్, బంపర్ ఇంట్లో పెయింట్ చేయొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం పక్కన పల్లెటూరండి. తెల్ల మారుతి కారుకి ఎడమవైపు ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) గోడకి రాసుకుని రేకు దాకా రంగు లేచిపోయింది, ముందు బంపర్ మూల గీసుకుపోయింది. రెండూ విప్పి ఇంట్లోనే పెయింట్ వేయడం నేర్చుకుందామని ఉంది. ముందు నల్ల స్ప్రే డబ్బాతో సైడ్ అద్దం కవరు మీద వేసి చూస్తే పైన తెల్లగా మసకేసింది. పది రోజులకి సన్నటి బుడగలు కూడా లేచాయి. లోపం ఎక్కడుంది? ఏమేం కొనాలి?

జవాబు: వేయొచ్చండి. బోల్టులు విప్పితే చేతికొచ్చే భాగాలే నేర్చుకోవడానికి మంచివి, పైగా మీది తెలుపు. మసక, బుడగలు అన్నారే, ఆ రెండూ మీ చేతి తప్పు కాదు. రెండింటికీ మూలం నీళ్లే. గోదావరి డెల్టాలో ఈ పని సగం నీళ్లతోనే. గాలిలో తేమ, బోరు నీటిలో ఉప్పు, కంప్రెసర్ గొట్టంలో చెమ్మ, పుట్టీ తాగిన తడి. పొడి ప్రాంతాలవాళ్లు తీసిన వీడియోల్లో ఇవి పెద్దగా కనపడవు. అందుకే వాళ్లు చెప్పినట్టే చేసినా మన దగ్గర పాడవుతుంది.

మసక సంగతి ముందు చూద్దాం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు వేసిన చోటు నుంచి వేడి లాగేస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందంటే, దాదాపు 26 డిగ్రీలకే ఆ తేమ నీరుగా మారిపోతుంది. థిన్నర్ ఆరుతూ ఉపరితలాన్ని ఆ నాలుగు డిగ్రీలు చల్లబరిచిందా, చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు పచ్చి రంగు మీద నీరు చేరి తెల్లబారుతుంది. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 60 శాతమే ఉంటే నీరు పట్టేది 21 డిగ్రీల దగ్గర, కాబట్టి చాలా వెసులుబాటు ఉంటుంది. అందుకే మొట్టమొదట కొనాల్సింది స్ప్రే గన్ను కాదు, తేమ, ఉష్ణోగ్రత రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు. 70 శాతం లోపుంటే నిశ్చింతగా వేయండి. 70 నుంచి 80 మధ్యైతే స్లో థిన్నర్ (మెల్లగా ఆరే రకం) వాడి, కోటుకీ కోటుకీ మధ్య ఎక్కువ ఆగండి. 80 దాటితే ఆ రోజు రేకు బయటపడని చోట పేపర్ కొట్టే పని (గరుకు కాగితంతో రుద్దడం) పెట్టుకోండి, రంగు జోలికి వెళ్లొద్దు.

మన దగ్గర ఇందుకు బాగా కలిసొచ్చేవి ఫిబ్రవరి, మార్చి నెలలు, అదీ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర లోపు. అంతకుముందు మంచు తడి వదలదు, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి మళ్లీ తేమ మోసుకొస్తుంది. ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట వరి) కోతల దుమ్ము, గడ్డి తగలబెట్టిన మసి. చుట్టుపక్కల రైస్ మిల్లు ఉంటే ఊక బూడిద సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి లైటు పెట్టుకుని మాత్రం వేయొద్దు. చేలల్లోంచి వచ్చే దీపం పురుగులన్నీ పచ్చి క్లియర్‌లో (రంగు మీద ఆఖర్న వేసే పారదర్శక పొర) పడి చస్తాయి.

ఇక బుడగలు. తీరం పక్క ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో వాటర్ పేపర్ కొట్టి గుడ్డతో తుడిస్తే నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. పైన రంగు పడ్డాక గాలిలోని తేమ పొరలోంచి మెల్లగా లోపలికి దిగుతుంది, ఆ ఉప్పు దాన్ని లాక్కుంటుంది, పొర కింద నీరు చేరి బుడగ లేస్తుంది. అది పది రోజులకీ రావొచ్చు, వానాకాలం మొదలయ్యాకా రావొచ్చు. కాలవ నీళ్లలో ఉప్పు లేకపోయినా ఒండ్రు ఉంటుంది, గీతలు పడతాయి. తాగడానికి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ ఒకటి ఈ పనికి విడిగా పెట్టుకోండి. తడి పేపర్ కొట్టడానికీ, ఆఖరి కడుగుడికీ ఆ నీళ్లే వాడాలి. ఈ ఒక్క జాగ్రత్తతోనే చాలా పనులు నిలబడతాయి.

అద్దం కవరు మళ్లీ చేసేటప్పుడు బుడగలున్న పొర మొత్తం గీకి తీసెయ్యండి. పైపైన నునుపు చేసి వేస్తే అవే చోట్ల మళ్లీ లేస్తాయి.

ఫెండర్‌కి వద్దాం. విప్పాక డిష్‌వాష్ లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టి, వ్యాక్స్ రిమూవర్‌తో రెండు గుడ్డలు పెట్టి తుడవండి. తడి గుడ్డ రాస్తుంటే, అది ఆరేలోపు పొడి గుడ్డ వెనకాలే రావాలి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు జరుగుతుందే తప్ప పోదు. ఇక్కడ కొబ్బరినూనె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తలకి నూనె రాసుకున్న చేత్తో ముట్టుకున్నా, డాష్‌బోర్డు పాలిష్ వాడిన గుడ్డ తగిలినా, అక్కడ రంగు పట్టక గుండ్రంగా విడిపోతుంది. వాటినే చేపకళ్లు అంటారు. తుడిచిన దగ్గర్నుంచి నైట్రైల్ గ్లౌజులు లేకుండా భాగాన్ని ముట్టొద్దు.

రేకు కనపడే చోటు తుప్పు పూర్తిగా పోయేదాకా 80 నంబరు పేపర్‌తో, చుట్టూ ఉన్న పాత రంగు అంచుని 180తో, తర్వాత 320తో కొట్టండి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే మెట్టు తగలకూడదు. ఈ పని సాయంత్రం చేసి రేకుని అలా వదిలేయకండి, మన తేమకి తెల్లారేసరికి పసుపు రంగు తుప్పు పట్టేస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు పడాలి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరాక సొట్ట ఉన్నచోట పుట్టీ.

పాలియెస్టర్ పుట్టీకి హార్డెనర్ బరువులో 2 శాతం, అంటే 100 గ్రాములకి 2 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా ఈ పనికి సరిపోతుంది. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ కలిపితే మిగిలిపోయిన పెరాక్సైడ్ పైకి ఊరి తెల్లరంగు మీద పసుపు మరకలు తేలతాయి, మీ కారు తెలుపు కాబట్టి మరీ స్పష్టంగా. ఎండలో నాలుగైదు నిమిషాల్లోనే బిగుస్తుంది, అందుకే నిమ్మకాయంత ముద్దే కలపండి. మందం 3 మిల్లీమీటర్లు దాటొద్దు. సొట్ట అంతకంటే లోతుగా ఉంటే ముందు టింకరింగ్ చేయించాలి. పుట్టీని ఎట్టి పరిస్థితుల్లోనూ తడి పేపర్‌తో కొట్టకండి, అది స్పాంజిలా నీరు పీల్చి దాచుకుంటుంది. చెక్క దిమ్మెకి పేపర్ చుట్టి పొడిగానే 80, 180, 320. చేత్తో నేరుగా కొడితే వేళ్ల అచ్చులు అలలుగా పడి ఎండలో కనపడతాయి.

పైన 2కె (అంటే హార్డెనర్ కలిపి వాడే రకం) ప్రైమర్ సర్ఫేసర్ రెండు మూడు కోట్లు. ప్రైమర్ 4 పాళ్లకి హార్డెనర్ 1 పాలు మామూలుగా ఉండే లెక్క, కానీ మీరు కొన్న డబ్బా మీద ఏముంటే అదే పాటించాలి. లేత బూడిద రంగు ప్రైమర్ అడగండి, ముదురుదైతే తెలుపు దాన్ని కప్పడానికి ఎక్కువ కోట్లు పడతాయి. గట్టిపడ్డాక నల్ల స్ప్రే దూరం నుంచి సన్నగా చిలకరించి 600తో, తర్వాత 800తో తడిగా కొట్టండి. నల్ల చుక్క మిగిలినచోట పల్లం ఉన్నట్టు. కడిగి, మడతల్లోంచి, బోల్టు రంధ్రాల్లోంచి నీరు గాలితో ఊది, రెండు గంటలు ఎండలో పెట్టండి. అంచు మడతలో దాక్కున్న ఒక్క చుక్క సరిగ్గా బేస్ కోటు (అసలు రంగు పొర) వేసేటప్పుడే బయటికొస్తుంది.

గన్ను, కంప్రెసర్ విషయంలో చాలామంది తికమకపడతారు. హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్ రకం) గన్నుకి గాలి చాలా కావాలి, ఇళ్లలో వాడే 2 హెచ్‌పీ కంప్రెసర్ దాన్ని నిలకడగా ఇవ్వలేదు. సగం ఫెండర్ అయ్యేసరికి ప్రెషర్ పడిపోయి రంగు తుంపర్లుగా వచ్చి నారింజ తొక్కలా తేలుతుంది. తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ రకం, 1.3 నాజిల్, 50 లీటర్ల ట్యాంకు ఉంటే ఒక్కో భాగానికి సరిపోతుంది. ప్రైమర్‌కి 1.6 నాజిల్ విడిగా ఉంటే మంచిది. ట్రిగ్గర్ నొక్కి ఉంచి గన్ను దగ్గర ప్రెషర్ 25 నుంచి 29 పీఎస్‌ఐ మధ్య పెట్టుకోండి, మీ గన్ను కాగితం మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. గాలిలోని నీటిని పట్టేసే వాటర్ ట్రాప్‌ని కంప్రెసర్ మూతికే బిగిస్తారు, అది దండగ. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, తేమ ఆవిరిగానే దాటిపోయి గొట్టంలో చల్లబడి నీరవుతుంది. 10 మీటర్ల గొట్టాన్ని చుట్టగా చుట్టి చల్లటి నీళ్ల బకెట్లో ముంచి, ట్రాప్‌ని ఆ తర్వాత బిగించండి. ట్యాంకు కింది వాల్వు పని మొదలెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తెరవాలి. మన దగ్గర ఎన్ని నీళ్లు కారతాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

రంగు కోడ్ ఇంజిన్ దగ్గరి ప్లేటు మీదో, తలుపు పక్క స్తంభం మీదో ఉంటుంది. మారుతి సుపీరియర్ వైట్ అయితే 26యూ. జెడ్‌హెచ్‌జే అని ఉంటే అది పెరల్ ఆర్కిటిక్ వైట్. పెరల్‌లో కోట్ల సంఖ్య మారితే ఛాయ మారుతుంది, కాబట్టి మొదటిసారే దాని జోలికి వెళ్లొద్దు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల ఆటో పెయింట్ షాపులో కోడ్ చెబితే కలిపిస్తారు. పెట్రోల్ ట్యాంకు మూత విప్పి తీసుకెళ్తే ఇంకా మేలు, ఎండకి వెలిసిన ఛాయకి సరిచూసి ఇస్తారు. ఫెండర్ ఒక్కదానికి బేస్ 150, క్లియర్ 150 మిల్లీలీటర్లు ఉంటే చాలు, బంపర్‌కి దానికి రెట్టింపు. థిన్నర్ మాత్రం అదే కంపెనీ పీయూ (పాలీయూరిథేన్) థిన్నర్, అందులో స్లో రకం. చౌకగా దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగుల) థిన్నర్‌లో ఆల్కహాల్ కలిసి ఉంటుంది. అది క్లియర్ హార్డెనర్‌ని తినేస్తుంది, క్లియర్ ఎన్నాళ్లైనా గోరు దిగేంత మెత్తగానే ఉండిపోతుంది.

వేసే ముందు అట్టపెట్టె మీద గన్ను చూసుకోండి. ఒక జాన దూరం నుంచి నిలువుగా సమానమైన కోడిగుడ్డు ఆకారం పడాలి. స్క్రాప్ షాపులో పాత బంపర్ ఒకటి కొని దాని మీద చెయ్యి కుదురుకునేదాకా వేయండి. మణికట్టు తిప్పకుండా, గన్ను భాగానికి నిటారుగా ఉంచి, చెయ్యి మొత్తం సెకనుకి అడుగు, అడుగున్నర వేగంతో కదలాలి. ప్రతి వరస ముందు వరసలో సగం కప్పాలి. అంచు దాటాకే ట్రిగ్గర్ వదలాలి. చోటు విషయానికొస్తే, కొబ్బరిచెట్టు కింద వద్దు, పూత రాలుతూనే ఉంటుంది. నాలుగు వెదురు కర్రలకి నైలాన్ దోమతెర కడితే గాలి ఆడుతుంది, పురుగు రాదు. దుమ్ము అణగడానికి నేల తడపమంటారు, ఇక్కడ ముందురోజు సాయంత్రమే తడిపేయండి. వేసే గంటలో తడిపితే తేమ మనమే పెంచినట్టు.

బేస్ పలచటి కోట్లు మూడు, మధ్యలో తడి మెరుపు పూర్తిగా పోయేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు ఆగాలి. తర్వాత 2కె క్లియర్, సాధారణంగా రెండు పాళ్లకి ఒక పాలు హార్డెనర్. మొదటి కోటు ఓ మాదిరిగా వేసి పది నిమిషాలయ్యాక, భాగం పక్కన టేపు మీద పడ్డ క్లియర్‌ని వేలితో ముట్టండి. తీగలా సాగితే ఇంకా ఆగాలి. వేలికి అతుక్కున్నట్టే ఉండి తీగ రాకపోతే రెండో కోటుకి సమయం, దాన్ని నిండుగా, నీటి అద్దంలా పరుచుకునేలా వేయండి. తొందరపడితే కింది థిన్నర్ పైపొరని పొడుచుకుని సూదిమొన రంధ్రాలు చేస్తుంది. కారిందా, వెంటనే తుడవబోకండి. రెండ్రోజులు గట్టిపడనిచ్చి 1000, 1500, 2000 వరసగా కొట్టి కాంపౌండ్‌తో మెరుపు తెస్తే చాలావరకు పోతుంది.

బంపర్ వెనక్కి తిప్పి చూడండి, పీపీ (పాలీప్రొపిలీన్) అని అచ్చు ఉంటుంది. ఆ ప్లాస్టిక్‌కి రంగు సొంతంగా అతకదు. గీతలు 320తో కొట్టాక ప్లాస్టిక్ బయటపడ్డ ప్రతిచోటా ప్లాస్టిక్ ప్రైమర్ సన్నటి కోటు వేసి, డబ్బా చెప్పిన గడువు లోపలే పై కోటు పడాలి. అది మానేస్తే వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను తగలగానే రంగు రేకులుగా ఊడుతుంది. వంగే భాగం కాబట్టి ఎపాక్సీ వద్దు, పుట్టీ కూడా ప్లాస్టిక్‌కని అమ్మే రకమే వాడాలి.

ప్రాణానికి సంబంధించినది ఇప్పుడు చెప్తాను, దీన్ని దాటేసి పని మొదలెట్టొద్దు. 2కె హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం రావొచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. వాసనని బట్టి హెచ్చరిక అందదు. గుడ్డ మాస్కు, తుండుగుడ్డ పనికిరావు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌తోపాటు పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు ఉండాలి. కార్ట్రిడ్జులు పాతవి కాకూడదు. గడ్డం ఉంటే మాస్కు పట్టదు. చుట్టూ తెరిచి ఉన్న చోటే వేయాలి, పిల్లలు గాలివాలులో ఉండకూడదు, పొయ్యి, స్విచ్చులు దూరంగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే, లేదా ఈ మాస్కు దొరక్కపోతే, పేపర్, పుట్టీ దాకా మీరు చేసుకుని ఆఖరి కోట్లు షెడ్డులో వేయించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. కష్టమంతా పేపర్ దగ్గరే ఉంది.

హార్డెనర్ డబ్బా తెరిచిన రోజే మిగతాది చిన్న గాజు సీసాలో మూతి దాకా నింపి బిగించండి, గాలిలో తేమ తగిలితే అదీ గడ్డకడుతుంది. పాలలా మబ్బుగా మారితే పారేయడమే. రంగేసిన ఫెండర్ మర్నాడు అంచు వెనక గోరు నొక్కితే గుర్తు పడకపోతే బిగించుకోవచ్చు. బోల్టు కింద ప్లాస్టిక్ వాషరు వేయండి, అక్కడ క్లియర్ చిట్లితే తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది. వ్యాక్స్ పాలిష్ మాత్రం నెల దాకా వద్దు, లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది.